మోవర్ తగిలించి ట్రైలర్ ఎక్కిస్తుంటే ముందు చక్రాలు లేస్తున్నాయి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ట్రాక్టరును ట్రైలర్ మీదికి ఎక్కించడం, దింపడం గురించే. అందుకే మిగతావి పక్కనపెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నా దగ్గర చిన్న ట్రాక్టరు ఉంది. బరువు సుమారు 700 కిలోలు. వెనక త్రీ పాయింట్ లింకేజీకి (పనిముట్టు తగిలించే మూడు చేతుల అమరికకు) నాలుగడుగుల గడ్డి మోవర్ (గడ్డి కోసే యంత్రం) తగిలిస్తాను, అదో 200 కిలోలు ఉంటుంది. ట్రైలర్ నేల మీంచి 60 సెంటీమీటర్ల ఎత్తు, ర్యాంపులు ఆరడుగులవి. ఎక్కించేటప్పుడు వెనక చక్రాలు కూడా ర్యాంపు మీదికి రాగానే ముందు చక్రాలు తేలిపోతున్నాయి. ఇప్పటిదాకా మా బావమరిది బానెట్ మీద కూర్చుని బరువు ఆనిస్తున్నాడు. ఇంతకంటే మంచి పద్ధతి ఉందా?

జవాబు: ముందు మీ బావమరిదిని బానెట్ మీంచి దింపండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ట్రాక్టరు పైకి లేచినా, పక్కకి జారినా అందరికంటే ముందు పడేది ఆయనే, పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఈ పని చాలాచోట్ల చూశాను. చేసేవాళ్లందరూ "ఇప్పటిదాకా ఏమీ కాలేదు" అనే చెబుతారు.

ఇక అసలు విషయం. మీ ట్రాక్టరు వెనక ఇరుసును తక్కెడ ముల్లు అనుకోండి. ఒక పక్క ఇంజను, ఇంకో పక్క మోవర్. మీరిచ్చిన బరువులతో లెక్క కట్టి చూశాను. చిన్న ట్రాక్టర్లలో ముందు చక్రాల మీద పడే బరువు మొత్తంలో దాదాపు 40 శాతం. అంటే మీకు 280 కిలోలు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం మీటరున్నర, మోవర్ బరువు కేంద్రం వెనక ఇరుసు నుంచి 1.4 మీటర్లు అనుకుందాం. మోవర్‌ను నేల మీంచి లేపగానే ఆ 200 కిలోలు ముందు చక్రాల మీంచి 187 కిలోలు లాగేస్తాయి. చదును నేల మీదే ఇక మిగిలేది 93 కిలోలు. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోందని మీరు సంబరపడి ఉంటారు, కారణం ఇదే.

ఇప్పుడు ర్యాంపు. ఆరడుగులంటే సుమారు 180 సెంటీమీటర్లు. 60 ఎక్కడానికి 180 పొడవు అంటే వాలు 19 డిగ్రీలు దాటుతుంది. వాలు మీద బరువు వెనక్కి జరుగుతుంది. మొత్తం 900 కిలోల బరువు కేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, ఈ వాలులో ముందు చక్రాల నుంచి ఇంకో 120 కిలోలు వెనక్కి పోతాయి. ఉన్నవే 93. అందుకే తేలుతున్నాయి. మీ డ్రైవింగ్‌లో లోపమేమీ లేదు. మీరెంత నెమ్మదిగా పోనిచ్చినా ఈ లెక్క మారదు, క్లచ్ ఒక్కసారిగా వదిలితే మాత్రం ఇంకా చెడుతుంది.

అదే ర్యాంపు ఎనిమిదడుగులైతే వాలు 14 డిగ్రీల చిల్లరకు తగ్గి, ముందు చక్రాలు సరిగ్గా తేలీతేలనట్టు ఉంటాయి. పదడుగులైతే సుమారు 20 కిలోలు మిగులుతాయి. అది కూడా ధైర్యం చెప్పే అంకె కాదు, ర్యాంపు అంచున చిన్న కుదుపు తగిలితే చాలు, పోతుంది. ఇప్పుడు మోవర్ విప్పేసి అదే ఆరడుగుల ర్యాంపు మీద లెక్క కట్టండి: ముందు చక్రాల మీద 170 కిలోలు నిలుస్తాయి! అంతే తేడా. కాబట్టి నా సలహా, మోవర్ విప్పి ట్రాక్టరు ఒక్కదాన్నే ఎక్కించండి. చదును నేల మీద రెండు లోయర్ లింకు (కింది చేతుల) పిన్నులు, టాప్ లింక్ (పై చేయి), పీటీఓ షాఫ్ట్ (ఇంజను శక్తిని మోవర్‌కు అందించే కడ్డీ) విప్పడానికి అలవాటైన చేతికి ఎంతోసేపు పట్టదు. మోవర్‌ను వేరే బండిలో తీసుకెళ్లడమో, చిన్న చైన్ పుల్లీతో లేపి ట్రైలర్ ముందు భాగంలో పెట్టడమో చేయాలి. కష్టమే, కాదనను. బద్ధకం వల్లే అందరం విప్పకుండా ఎక్కిస్తాం.

విప్పడం కుదరదు అన్నవాళ్లు కనీసం ఇవి చూసుకోండి. ర్యాంపు పొడవు పెంచండి. కొత్త ర్యాంపులు కొనే వీలు లేకపోతే ట్రైలర్ తోకను ఏదైనా గట్టుకో, ఎగుడు నేలకో ఆనించి నిలపండి. ర్యాంపు కింది కొస 20 సెంటీమీటర్ల ఎత్తున్న చోట ఆనితే మీరు ఎక్కాల్సింది 40 మాత్రమే. పైసా ఖర్చు లేని ఉపాయం ఇదొక్కటే, ఎందుకో చాలామందికి తట్టదు. ముందు ఇరుసుకు అర మీటరు ముందుగా 60 కిలోల దిమ్మలు తగిలిస్తే ముందు చక్రాల మీద 80 కిలోలు పెరుగుతాయి. మీ బావమరిది చేస్తున్న పని ఇనుము చేస్తుందన్నమాట, పడిపోతుందన్న బెంగ లేదు.

మోవర్‌ను ఎంత ఎత్తాలన్నది ఇంకో చిక్కు. బాగా పైకెత్తితే బరువు కేంద్రం పైకిపోతుంది. కిందికి ఉంచితే, ముందు చక్రాలు ర్యాంపు ఎక్కగానే ట్రాక్టరు వెనక్కి వాలి మోవర్ తోక నేలకు తగులుతుంది. తగలనివ్వండి. హైడ్రాలిక్ లిఫ్ట్‌కు పైకి ఎత్తే బలమే ఉంటుంది గానీ కిందికి నొక్కే బలం ఉండదు, నేల తగిలితే మోవర్ తనంతట తానే పైకి జరుగుతుంది. తోక చక్రం ఉన్న మోవరైతే అది నేల మీద దొర్లుతూ కొంత బరువు తనే మోస్తుంది. తోక చక్రం లేకపోతే మాత్రం మోవర్ అంచు ర్యాంపు కొసకు తట్టుకోకుండా పక్కన ఒకరు నిలబడి చెప్పాలి, అదీ దూరంగా.

పీటీఓ ఆపేయాలి, బ్లేడ్లు పూర్తిగా ఆగాకే కదలాలి. ఫోర్ వీల్ ఉంటే వేసుకోండి. ఎడమ కుడి బ్రేకు పెడళ్లను లాక్ చేసి కలిపేయండి, ఒకటే పట్టుకుంటే ర్యాంపు మీద ట్రాక్టరు పక్కకి తిరుగుతుంది. అన్నిటికంటే చిన్న గేరులో ఎక్కండి, మధ్యలో గేరు మార్చకండి. రోల్ బార్ (బోల్తా పడితే నడిపేవాళ్లను కాపాడే కమ్మీ) మడిచి ఉంటే నిలబెట్టి సీటు బెల్టు పెట్టుకోండి. ముందు చక్రాలు లేస్తున్నట్టు అనిపించగానే వెంటనే క్లచ్ తొక్కండి. వెనక్కి తిరగబడే ట్రాక్టరు చేయి దాటిపోవడానికి ముప్పావు సెకను చాలంటారు, ఆలోచించుకునే టైము ఉండదు. క్లచ్ తొక్కాక ముందు చక్రాలు ఆనితే బ్రేకు మెల్లగా పట్టుకుని, అదే గేరులోంచి రివర్స్‌లోకి మార్చి కిందికి దిగండి. మళ్లీ ప్రయత్నించేముందు పైన చెప్పినవి చేయండి.

ప్రశ్న: ఎక్కించడంలో ఇబ్బంది లేదు. దింపేటప్పుడు రివర్స్‌లో వస్తూ బ్రేకు వేస్తే ముందు భాగం పైకి లేచింది. గుండె జారిపోయింది. ఎందుకలా?

జవాబు: జారాల్సిందే. దింపడం తేలికని అందరూ అనుకుంటారు, నాకైతే ఎక్కించడం కంటే దింపడమే ఎక్కువ టెన్షన్. రివర్స్‌లో కిందికి వస్తున్నప్పుడు బరువంతా వెనక చక్రాల మీద, ఇంకా వెనక మోవర్. ఆ స్థితిలో బ్రేకు గట్టిగా పడితే వెనక చక్రాలు ఆగిపోతాయి గానీ పైనున్న బరువు కిందికి పోతూనే ఉంటుంది. వెనక ఇరుసు చుట్టూ ట్రాక్టరు తిరగబోతుంది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి కాబట్టి ముందు నుంచి సాయం రాదు.

దీనికి మందు బ్రేకు వాడే అవసరం రాకుండా చూసుకోవడమే. చిన్న రివర్స్ గేరు, ఇంజను స్పీడు తక్కువ, క్లచ్ మీద కాలు పెట్టకుండా ఇంజనే పట్టుకునేలా దిగండి. న్యూట్రల్లో గానీ క్లచ్ తొక్కి గానీ జారుకుంటూ రావద్దు. ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలూ ఇంజను పట్టులోకి వస్తాయి, ఇక్కడ దాని ఉపయోగం ఎక్కేటప్పటి కంటే ఎక్కువ. బురద టైర్లతో తడి ర్యాంపు మీద మాత్రం ఏ గేరూ కాపాడదు. టైర్లు తుడిచి, ర్యాంపు ఆరబెట్టి దింపండి.

ప్రశ్న: అయితే రివర్స్‌లో ఎక్కిస్తే పోదా? బరువు వైపు ఎగువన ఉంటుంది కదా!

జవాబు: ఆలోచన సరైనదే. బరువైన వైపు ఎగువన ఉంటే ట్రాక్టరు వెనక్కి తిరగబడదు. దిగేటప్పుడు మామూలుగా ముందుకే నడుపుకుంటూ రావచ్చు. చిక్కల్లా మోవర్ పొడవు. నాలుగడుగుల మోవర్ తోక వెనక ఇరుసుకు రెండు మీటర్లకు పైగా వెనక ఉంటుంది. ఆరడుగుల ర్యాంపు మొదటికి మీ వెనక చక్రం చేరేసరికి ఆ తోక 60 సెంటీమీటర్ల ఎత్తున్న ట్రైలర్ అంచుకు ఢీకొంటుంది. అంత ఎత్తుకు మోవర్‌ను లేపే లిఫ్ట్ చిన్న ట్రాక్టర్లకు సాధారణంగా ఉండదు. పదడుగుల ర్యాంపు, ఎత్తు తక్కువ ట్రైలర్ ఉన్నవాళ్లు ప్రయత్నించవచ్చు. ముందు ఇంజను ఆపి టేపుతో కొలుచుకోండి. రివర్స్‌లో స్టీరింగ్ చక్రాలు చివర ఉంటాయి కాబట్టి చిన్న తిప్పు కూడా పెద్దగా పడుతుంది, ర్యాంపు మీదికి వచ్చాక సరిదిద్దుకునే చోటు ఉండదు. ట్రాక్టరు నేల మీద ఉండగానే వరస సరిచూసుకోండి.

ప్రశ్న: ట్రాక్టరు ట్రైలర్ తోక మీదికి రాగానే లాగే బండి వెనక భాగం పైకి లేచి బండి కదిలింది. హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంది.

జవాబు: చాలా బండ్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలనే. బరువంతా ట్రైలర్ తోక మీద పడితే హుక్కు దగ్గర పైకి లేపుతుంది, ఆ వెనక చక్రాలకే నేల పట్టు పోతుంది. ట్రైలర్ తోక కింద రెండు పక్కలా స్టాండ్లు గానీ గట్టి చెక్క దిమ్మలు గానీ పెట్టండి. బండి చక్రాలకూ ట్రైలర్ చక్రాలకూ అడ్డు దిమ్మలు వేయండి. బండిని హుక్కు నుంచి విప్పేసి ఖాళీ ట్రైలర్ మీదికి ఎక్కించే ఆలోచన మాత్రం ఎప్పుడూ చేయకండి.

ప్రశ్న: రోడ్డు మీద ట్రైలర్ తోక ఊగుతోంది. మోవర్‌ను లేపే ఉంచి తీసుకెళ్తున్నాను. ఏం చేయాలి?

జవాబు: మోవర్ దించండి. హైడ్రాలిక్ లిఫ్ట్ నూనె మెల్లగా జారి దారిలో తనే దిగిపోతుంది, దిగినప్పుడల్లా మీ చైన్లు వదులవుతాయి. ట్రైలర్ మీద ట్రాక్టరు ఆగగానే మోవర్‌ను పూర్తిగా కిందికి ఆనించి, దానికి విడిగా ఒక పట్టీ వేయండి.

ఊగడానికి కారణం బరువు వెనక ఉండటం. కారు వెనక లాగే ట్రైలర్లలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. మోవర్ వెనక వైపు ఉన్న ట్రాక్టరును ట్రైలర్ ఇరుసు మీదుగా సరిగ్గా మధ్యన నిలిపితే బరువు వెనక్కే మొగ్గుతుంది. ట్రాక్టరును ముందుకు జరపండి. ఎంత ముందుకన్నది చూడటానికి, చదును నేల మీద ఖాళీ ట్రైలర్‌తో బండి వెనక బంపర్ ఎత్తు కొలిచి, ఎక్కించాక మళ్లీ కొలవండి. ఎత్తు కొంచెం తగ్గాలి. పెరిగితే బయలుదేరవద్దు.

చైన్లు నాలుగు మూలలా వేయండి, రెండు ముందుకు లాగేలా, రెండు వెనక్కి లాగేలా. కొక్కేలు ట్రాక్టరు చట్రానికో ఇరుసుకో వేయాలి. స్టీరింగ్ రాడ్డుకూ లోయర్ లింకులకూ వేయకూడదు. ట్రాక్టరును గేరులో ఉంచి పార్కింగ్ బ్రేకు వేసి, తాళంచెవి తీసేయండి. కొద్ది దూరం పోయాక ఆగి చైన్లు మళ్లీ బిగించండి. టైర్లు సర్దుకున్నాక అవి ఎంతో కొంత వదులవుతాయి.