విటమిన్ మాత్రలు, ప్రొటీన్ డబ్బాలు, డిప్రెషన్ మందులు: ఇదంతా వ్యాపారమేనా?

మీ తాతగారు రాగిసంగటి తిని ఎనభై ఎనిమిదేళ్లు బతికారనీ, ఆయనకు బి12 విటమిన్ అంటే ఏమిటో, డిప్రెషన్ అంటే ఏమిటో తెలియదనీ, మరి ఇప్పుడు ఇన్ని మాత్రలు, ఇన్ని పొడులు కంపెనీల వ్యాపారం కాక మరేమిటనీ అడిగారు. మీ అక్కగారు ఐదు నెలలుగా వాడుతున్న డిప్రెషన్ మాత్రలను ఆపించాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడుతున్నారని కూడా చివర్లో రాశారు. నేను డాక్టరును కాను, చిత్తూరులో ఇరవై ఆరేళ్లుగా ఒక సహకార సంఘంలో లెక్కలు రాస్తున్నవాణ్ణి. అయితే మీ ప్రశ్ననే నేనూ చాలా ఏళ్లపాటు, కాస్త ఎగతాళిగా, కనిపించిన వారినల్లా అడిగాను కనుక, ఆ అనుమానం నాకు ఎక్కడ డబ్బు మిగిల్చిందో, ఎక్కడ దెబ్బ కొట్టిందో చెప్పగలను.

ముందు తాతల సంగతి. మా జేజి తొమ్మిదిమందిని కంటే నలుగురు దక్కారు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో సగటు ఆయుష్షు ముప్ఫై రెండేళ్ల దగ్గర ఉండేదంటే, పసితనంలోనే పోయినవారు ఎందరో ఊహించుకోవచ్చు. మనం ఉదాహరణగా చెప్పుకొనేది బతికి బట్టకట్టిన తాతలను మాత్రమే. ఇక వాళ్లకు డిప్రెషన్ తెలియదన్న మాటకు వస్తే, మా జేజి చెల్లెలు ఒకామె గొడ్లపాక పక్క గదిలో గోడవైపు తిరిగి ఏళ్ల తరబడి పడుకునే ఉండేదట. "దానికి గాలి సోకింది" అని చెప్పి గుమ్మం దగ్గర పళ్లెం పెట్టి వచ్చేవారట. ఆ జబ్బుకు మా ఇంట్లో ఉన్న పేరు అదొక్కటే.

సంగటి మీద నాకు చిన్నచూపు లేదు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఊరిబిండితో వేడివేడి ముద్ద తినడం నేటికీ నాకు పండగే. అయితే మా తాత ఆ ముద్ద తిని పొద్దుగూకేదాకా మడక దున్నాడు, నేను అదే ముద్ద తిని కౌంటరు వెనక కూర్చున్నాను. నలభై ఒకటో ఏట షుగరు వచ్చింది. పైగా రాగుల్లో బి12 అసలు ఉండదు, అది మాంసం, చేప, గుడ్డు, పాలు వంటి వాటి నుంచే రావాలి. తాత ఎండుచేపలు, నాటుకోడి, చట్టెడు పెరుగు కూడా తినేవాడు. నేను మొక్కు పేరు చెప్పి మాంసం మానేసి, షుగరు భయంతో పాలు, పెరుగు తగ్గించి, ఆయన భోజనంలో నుంచి సంగటిని ఒక్కదాన్నే తెచ్చుకున్నాను.

ఆ రోజుల్లోనే మా మేనత్త కొడుకు, వరసకు బావ, ఒక ఆదివారం నన్ను తిరుపతిలో ఒక హోటలు హాల్లో జరిగిన మీటింగుకు తీసుకెళ్లాడు. ఒకరి తరవాత ఒకరు వేదికెక్కి, తమ నడుము నొప్పి, షుగరు, థైరాయిడ్ ఎలా మాయమయ్యాయో చెప్పారు. వాళ్లు అమ్మే ప్రొటీన్ పొడి డబ్బా 2,400 రూపాయలు, నెలకు రెండు. ఆరు నెలల్లో 28,800 రూపాయలు పెట్టాను, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, బావ చెప్పాడు కదా! ఏడో నెలలో డబ్బు కట్టేముందు కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనక చదివితే, చీమతలకాయంత అక్షరాల్లో "ఔషధ వినియోగానికి కాదు" అని ఇంగ్లీషులో ఉంది. ఆ మాట రాయడం కంపెనీ నిజాయతీ కాదు, ఇలాంటి ఆహార పూరకాల మీద అది ఉండి తీరాలన్నది నిబంధన. దాని మీద ఉన్న లైసెన్సు నంబరు ఆహార పదార్థాల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారిది, అంటే చట్టం దృష్టిలో అది ఆహారమే తప్ప మందు కాదు. జబ్బు నయం చేస్తుందని ఆ హాల్లో చెప్పినదేదీ డబ్బా మీద లేదు.

వృత్తి అలవాటు కొద్దీ లెక్క వేశాను. ఒకపూట కలుపుకునే పొడిలో పది గ్రాముల ప్రొటీన్ ఉంది. చెనక్కాయ పప్పుల్లో నూటికి పాతిక గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కనుక నలభై గ్రాములు, అంటే ఒక పిడికెడు, తింటే సరిపోతుంది. భారతీయులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫారసు చేశారు. నా అరవై అయిదు కిలోలకు 54 గ్రాములు, అది పప్పు, చెనక్కాయలు, పెరుగు, గుడ్డుతో అందనిదేమీ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా కండల కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దనే చెప్పారు. కాబట్టి పొడుల విషయంలో మీ అనుమానానికి నేను పూర్తిగా ఓటు వేస్తాను.

విటమిన్ల విషయంలో వేయలేను. ఆ తరవాతి ఏడాది నా అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉండేది. ఒకరోజు సంఘం ఆఫీసు మెట్ల మీద ఎడమకాలి చెప్పు జారిపోతే, వరండా దాటి లోపలికి వెళ్లాక ఎవరో "చెప్పేదన్నా?" అని అడిగేదాకా నాకు తెలియలేదు. డాక్టరు బి12 పరీక్ష రాశారు. ల్యాబు కమీషను కోసం రాశారని నాలుగు నెలలు ఆ చీటీని చొక్కా జేబులు మారుస్తూ తిరిగాను. చివరకు చేయిస్తే, కనీసం 200 ఉండవలసిన చోట 118 వచ్చింది. మాంసం, పాలు తగ్గించడం ఒక కారణమైతే, ఏడేళ్లుగా షుగరుకు వాడుతున్న మెట్‌ఫార్మిన్ రెండోది. చాలా కాలం వాడితే ఆ మాత్ర బి12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుందన్నది తెలిసిన విషయమే. ఇంకో చిక్కు ఏమిటంటే, బావ అమ్మిన పొడిలో ఫోలిక్ ఆమ్లం అనే మరో విటమిన్ దండిగా ఉంది. బి12 లోపం ఉన్నవారిలో అది రక్తహీనతను సరిచేసి, నరాల నష్టాన్ని మాత్రం లోలోపల సాగనిస్తుంది. (విటమిన్లు విదేశీ కుట్ర అనేవారికి ఒక మాట: ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో తయారుచేసి చూపిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.) బి12 ఇంజెక్షన్ల ఖర్చంతా కలిపినా ఒక డబ్బా ధర కాలేదు. చీమలు చాలావరకు తగ్గాయి కానీ, ఎడమ బొటనవేలు ఈనాటికీ మొద్దుగానే ఉంది.

మీరు అసలు అడగదలచుకున్నది మీ అక్కగారి సంగతి అనుకుంటాను. మా తమ్ముడు మామిడితోట మీద అప్పుచేసి, తోతాపురి ధర పడిపోయిన ఏడాది దెబ్బతిన్నాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి మోటారు షెడ్డులో కూర్చునేవాడు, మోటారు మాత్రం వేసేవాడు కాదు. అమ్మ తాయెత్తు కట్టించింది. నేను "పనిలో పడితే అదే పోతాది లేరా" అన్నాను. ఆరు నెలలు అలాగే గడిచాక రాయవేలూరు (వెల్లూరు) సి.ఎం.సి. ఆసుపత్రి వారి బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. 1957లో మొదలైన ఆ కేంద్రంలో రోగితోపాటు ఇంటివారు కూడా ఉండి చూసుకోవడం పద్ధతి కనుక, మూడు వారాలు నేనూ మరదలూ వంతులవారీగా ఉన్నాం.

మాత్రలు మొదలుపెట్టిన పది రోజులు వాడికి వికారం తప్ప ఏమీ కనిపించలేదు, నాలుగో వారంలో ముద్ద అడిగి తిన్నాడు. రెండు నెలలు గడిచాక నేను తెలివి ప్రదర్శించాను. మెదడులో సెరోటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని లండన్ పరిశోధకులు 2022లో రాసిన సమీక్ష గురించి ఫోన్‌లో చదివి, "చూడు, అంతా అబద్ధమేనంట" అని మాత్రలు ఆపించాను. ఉన్నట్టుండి ఆపడంతో తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం మొదలైంది, ఇరవై రోజుల్లో మళ్లీ మోటారు షెడ్డుకు చేరాడు. మళ్లీ వెళ్లినప్పుడు అక్కడి డాక్టరమ్మ తమిళం కలిసిన తెలుగులో, కోపం లేకుండానే, "మాత్రతో తలనొప్పి తగ్గితే, మీ తలలో ఆ మాత్ర తక్కువైందని అర్థమా సార్?" అని అడిగారు. ఆ సమీక్ష కారణం గురించి చెప్పింది, మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. 2018లో 21 మందుల మీద జరిగిన 522 ప్రయోగాలను కలిపి చూసిన మరో సమీక్షలో, అవన్నీ మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగనే తేలింది, కాకపోతే ఆ తేడా సగటున ఓ మోస్తరుదే. దాన్ని అద్భుతమని చెప్పేవారినీ, మోసమని చెప్పేవారినీ నేనిప్పుడు ఒకే రకంగా చూస్తున్నాను.

లెక్క చూసుకుంటే, 28,800 రూపాయలకు ఒక్క ప్రశ్న అడగని నేను, పరీక్ష చీటీకి నాలుగు నెలలు అడ్డుపడ్డాను, తమ్ముడి మాత్ర ఆపించాను. నా అనుమానం వస్తువును చూడలేదు, మనిషిని చూసింది. బావ అయినవాడు, డాక్టరు పరాయివాడు.

మీ అక్కగారి మాత్రలను మీరు గానీ పెద్దవాళ్లు గానీ సొంతంగా ఆపించకండి. ఆమెతోపాటు ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎన్నాళ్లు వాడాలో, బరువు పెరగడం వంటి ఇబ్బందులు ఏముంటాయో, ఆపవలసి వచ్చినప్పుడు మోతాదును ఎలా తగ్గిస్తారో, మాటల ద్వారా చేసే కౌన్సెలింగ్ కూడా జోడించవచ్చో లేదో అడగండి. అయిదు నిమిషాల్లో పంపించేసి, వీటికి జవాబు చెప్పని డాక్టరైతే మరొకరిని చూడండి, ఆ అనుమానం న్యాయమైనదే. రాసిన మాత్రలు నిద్రమాత్రల జాతివా, డిప్రెషన్‌వా అన్నది కూడా తెలుసుకోండి, అలవాటు పడతారన్న పెద్దవాళ్ల భయం చాలావరకు మొదటి రకానికి వర్తిస్తుంది. డాక్టరు అపాయింటుమెంటు దొరికేలోగా ఆమెకు మరీ కష్టంగా ఉంటే, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.