చింగ్‌దావ్ వెళుతున్న మేనకోడలికి

చిరంజీవి సౌజన్యకు మావయ్య ఆశీస్సులు.

జూన్‌లో నువ్వు ఒంటరిగా చైనాలోని చింగ్‌దావ్ వెళుతున్నావని నిన్న మీ అమ్మ చెప్పింది. ఓడ ఉద్యోగంలో నేను చూసిన రేవును మా ఇంటి ఆడపిల్ల తన సంపాదనతో చూడబోతోందన్న సంతోషం ఒకపక్క, ఆ ఊరి పొగమంచు భయం ఒకపక్క, రాత్రంతా నిద్ర లేదు.

వీసా, టికెట్ల సంగతి నీకే బాగా తెలుసు. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని వదలకుండా చూసినదానివి కనుక, అక్కడి నౌకాదళ మ్యూజియంలో అన్‌షాన్ డిస్ట్రాయర్‌ను తప్పక చూడు. 1954లో సోవియట్ యూనియన్ నుంచి చైనాకు వచ్చిన నౌక అది. మ్యూజియం బయట వేరే యుద్ధనౌకలు కనిపిస్తే మాత్రం కెమెరా ఎత్తవద్దు.

ఇక మంచు సంగతి. మే, జూన్ రోజుల్లో దక్షిణపు తేమగాలి ఇంకా చల్లగానే ఉన్న పసుపు సముద్రం మీదికి వచ్చి, చూస్తుండగానే మంచుగా కమ్ముకుంటుంది. 1996 మే నెలలో నేను ఓడ దిగి, సముద్రంలోకి 440 మీటర్లు సాగే జాన్‌చియావ్ వంతెన చూడబోయాను. మా ఓడ ఆగిన బెర్త్ వివరాలు చైనా లిపిలో రాసిస్తానని ఏజెంటు అంటే, దారి గుర్తుంటుందిలే అని తీసుకోలేదు. వంతెన చివరి మండపం దగ్గర ఉండగానే, ఒడ్డున జర్మన్ల కాలపు ఎర్ర పెంకుల ఇళ్ళన్నీ మంచులో మాయమయ్యాయి. వెనక్కి వచ్చి ఎవరిని అడిగినా నా మాట అర్థం కాలేదు. మూడు గంటలు తిరిగాక, వేరుశనగలు అమ్మే ఒక ముసలమ్మ నా చొక్కా జేబుపై కుట్టిన లంగరు గుర్తును వేలితో తడిమి చూసి, పొట్టు అంటిన ఆ చేత్తోనే నన్ను పట్టుకుని టాక్సీ ఎక్కించింది. ఆ మంచుకే ఓడ ప్రయాణమూ ఆగింది కాబట్టి సరిపోయింది; లేకపోతే నన్ను వదిలి వెళ్ళిపోయేదే.

అన్నీ ఫోన్‌లో ఉన్నాయని నాకు చెప్పకు. గూగుల్ అక్కడ పని చేయదు. ఫోన్ తడవనూ వచ్చు. హోటల్ పేరు, చిరునామా చైనా లిపిలో కాగితం మీద రాయించుకుని నడుముకు కట్టుకున్న సంచిలో పెట్టుకో. బీచ్‌కు పొద్దున్నే వెళ్ళు. ఒడ్డుకు పచ్చటి నాచు కొట్టుకొస్తే నీళ్ళలో దిగకు. సముద్రం మీద తెల్లటి తెర లేస్తే ఎంత అందంగా ఉన్నా వెనక్కి తిరుగు తల్లీ.

హోటల్‌లో దిగిన రోజే ఆ చీటీ రాయించి, ఫొటో తీసి నాకు పంపు. అది చూశాకే నాకు అన్నం సయిస్తుంది.

మీ మావయ్య