సెట్రిజిన్‌తో తగ్గని దద్దుర్లు: నేను పడ్డ తిప్పలు

ఆరు నెలలుగా దద్దుర్లు వస్తూ పోతూ ఉన్నాయి, సెట్రిజిన్ వేసుకుంటే ఒక పూట తగ్గి మళ్ళీ లేస్తున్నాయి, దద్దుర్లు లేపే మాస్ట్ సెల్స్ అనే కణాల్నే పట్టుకునే మందులు వచ్చాయట, వాడొచ్చా అని కదా మీరు అడిగింది. నేను డాక్టర్ని కాదండీ, మూడేళ్ళు ఇదే జబ్బుతో గోక్కున్నదాన్ని, అంతే. వాడొచ్చు. కానీ ముందు సెట్రిజిన్ సరిగ్గా వాడారో లేదో చూసుకోండి, నేనైతే ఏడాది పాటు తప్పుగానే మింగాను.

నాకు రాత్రి రెండింటికి మొదలయ్యేది. లంగా నాడా బిగిసిన చోట నడుం చుట్టూ, గాజుల కింద, అరికాళ్ళలో. ఒకరోజు మా అమ్మాయి దువ్వెన కొనతో నా ముంజేతి మీద ‘అ’ అని గీసింది. ఐదు నిమిషాల్లో అక్షరం ఎర్రగా పొంగింది. అది నవ్వింది, నాకు ఏడుపొచ్చింది. మా అత్తయ్యగారు వంకాయ, గోంగూర, ఎండుచేపలు అన్నీ మాన్పించేశారు, నాలుగు నెలలు బీరకాయ, పెసరపప్పుతోనే గడిచింది, దద్దుర్లు మాత్రం ఎప్పట్లాగే. తర్వాత ఒక ల్యాబ్‌లో పెద్ద ఎలర్జీ ప్యాకేజీ చేయిస్తే, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి తింటున్న కందిపప్పు కూడా పాజిటివ్ అని వచ్చింది! ఆరు వారాలు దాటి దాదాపు రోజూ వచ్చే దద్దుర్లకి, అంటే క్రానిక్ అర్టికేరియాకి, తిండి కారణం కావడం చాలా అరుదని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. మధ్యలో ఒకాయన స్టెరాయిడ్ ఇచ్చారు. రెండు రోజుల్లో మాయం, ఆపగానే మళ్ళీ మొదలు, పైగా మొహం ఉబ్బింది.

చివరికి చూపించుకున్న స్కిన్ డాక్టరు చేసిన మొదటి పని, ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీసి రేపు ఇదే టైముకి చూసుకోమనడం. మామూలు దద్దురైతే 24 గంటల్లోపే ఆ గీతలోంచి పోతుంది, వేరే చోట లేస్తుంది. పోకుండా ఉండిపోయి, నొప్పిపెట్టి, మచ్చ మిగిల్తే అది వేరే జబ్బు కావచ్చు, బయాప్సీ చెయ్యాలి, అంటే చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించాలి. రోజూ దద్దుర్లకి సున్నా నుంచి 3 దాకా, దురదకి సున్నా నుంచి 3 దాకా మార్కులు వేసి వారానికి కూడమన్నారు. మొత్తం 42కి నాకు 34, ఇంత మంచి మార్కులు చదువుకునే రోజుల్లో కూడా రాలేదు.

నేను మాత్ర ఎప్పుడు వేసుకునేదాన్నంటే, దద్దుర్లు లేచాక. తప్పు అక్కడే. చర్మంలో ఉండే మాస్ట్ సెల్ ఒంటినిండా దురద, వాపు పుట్టించే హిస్టమిన్ గింజలు నింపుకుని కూర్చుంటుంది, రెచ్చగొడితే ఒక్కసారిగా బయటికి వదిలేస్తుంది. సెట్రిజిన్ ఆ వదలడాన్ని ఆపదు, హిస్టమిన్ కూర్చోవాల్సిన చోట ముందే కూర్చుంటుంది. బస్సు సీట్లో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టన్నమాట, జనం ఎక్కి కూర్చున్నాక వేసి ఏం లాభం? అందుకే రోజూ ఒకే టైముకి, దద్దుర్లున్నా లేకపోయినా వేసుకోవాలి. తగ్గకపోతే మత్తు తక్కువుండే కొత్తరకం మాత్రల్ని డాక్టరు నాలుగు రెట్ల దాకా పెంచుతారు, ఇది అంతర్జాతీయ గైడ్‌లైన్స్‌లో ఉన్నదే. సొంతంగా మాత్రం పెంచుకోకండి. నాకు దీంతోనే 34 కాస్తా 17కి దిగింది.

మిగతా సగానికి ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్. నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు. ఇది కూడా మాస్ట్ సెల్‌ని చంపదు. దాన్ని రెచ్చగొట్టే ఐజీఈ అనే యాంటీబాడీని రక్తంలోనే పట్టేసుకుంటుంది, దాంతో సెల్ మీద ఐజీఈ అతుక్కునే కొక్కేలు కూడా తగ్గిపోతాయి. ఇంజెక్షన్‌కే రియాక్షన్ రావచ్చు, అరుదే అనుకోండి, అందుకే మొదటి మూడు సార్లు రెండేసి గంటలు ఆసుపత్రిలోనే కూర్చోబెట్టారు. నెల ఖర్చు మా ఇంటద్దె కన్నా ఎక్కువ, అడ్మిట్ కాలేదని ఇన్సూరెన్స్ వాళ్ళు ఒక్క రూపాయి ఇవ్వలేదు. నాకు రెండో డోసుకి మార్కు 4. కొందరికి, ముఖ్యంగా ఐజీఈ బాగా తక్కువున్నవాళ్ళకి, ఆలస్యంగా పనిచేస్తుంది లేదా అసలు చెయ్యదు. ఆపితే మళ్ళీ రావచ్చు కూడా. నేనిప్పుడు ఆరు వారాలకొకటి తీసుకుంటున్నా, గోంగూర కూడా తింటున్నా.

మీరు విన్న కొత్త మందుల్లో రెమిబ్రుటినిబ్ ఒకటి, 2025 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంజెక్షన్ కాదు, రోజుకి రెండుసార్లు మింగే మాత్ర. మాస్ట్ సెల్ లోపల గింజలు వదలమని చెప్పే సిగ్నల్‌ని మధ్యలో తెంపుతుంది. ఇంకొకటి బార్జోల్వోలిమాబ్, ఇది ఇంకా ట్రయల్స్‌లోనే ఉంది. మాస్ట్ సెల్ బతకడానికి కావాల్సిన కిట్ అనే రిసెప్టార్‌నే మూసేస్తుంది, అంటే దాని కంచం లాగేస్తుంది. 1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ కణాల్ని చూసి బాగా మేసి బలిసినవనుకుని జర్మన్‌లో ఆ అర్థం వచ్చేలా పేరు పెట్టాడు, ఇన్నాళ్ళకి వాటికి పస్తు పెట్టే మందు! కాకపోతే జుట్టుకి రంగిచ్చే కణాలకీ ఆ కిట్టే కావాలి, అందుకని ట్రయల్స్‌లో కొందరికి జుట్టు రంగు మారింది. నాకెలాగూ సగం తెల్లబడింది కాబట్టి బాధ లేదు.

ఇంకో సంగతి, ఒళ్ళు నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకున్న రోజు ఎక్కువవుతున్నాయేమో గమనించండి, నాకు అయ్యేవి. నాలుక గానీ గొంతు గానీ వాచినా, ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా మాత్ర వేసుకుని చూద్దాంలే అని కూర్చోవద్దు. అప్పుడు పనిచేసేది తొడకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.