విజయవాడ విమానం ఎక్కే ముందు

చిరంజీవి అమ్మడికి,

విజయవాడలో సర్టిఫికెట్ల పరిశీలన పొద్దున్న పదకొండుకట కదా. విమానంలో గంటే కాబట్టి ఆ రోజు ఉదయం బయల్దేరితే చాలని నువ్వు అన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వద్దమ్మా. ముందురోజే రైల్లో వెళ్ళు.

నువ్వు చూసిన లెక్క తప్పు కాదు. విశాఖ, గన్నవరం విమానాశ్రయాల మధ్య ఆకాశంలో దూరం దాదాపు 290 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే 350 దాకా ఉంటుంది. అయితే ఆ 290 మ్యాపు మీద దారం లాగి పట్టినట్టు తిన్నగా కొలిచింది. విమానం గాలిని బట్టి రన్‌వేకి ఏ వైపు నుంచి దిగాలో ఆ వైపుకి తిరిగి రావాలి. జెట్ గంటకు 800 కిలోమీటర్లు పోతుంది కదా, ఇరవై నిమిషాల ప్రయాణమే అనుకుంటారు చాలామంది. ఇంత తక్కువ దూరంలో పైకి లేవడానికీ కిందికి దిగడానికే సగం సమయం పోతుంది, ఆ వేగంతో వెళ్ళేది కాసేపే. అందుకే గంటకు 500 వేగంతో వెళ్ళే, రెక్కలకి పంకాలుండే చిన్న విమానం ఏటీఆర్ కూడా జెట్ కన్నా పెద్దగా ఆలస్యం కాదు. టికెట్ మీద రాసే గంటలో రన్‌వే దాకా నడిపించడం, దిగాక ఆగే చోటికి చేరడం కూడా కలిసే ఉంటాయి.

ఇప్పుడు మన గుమ్మం నుంచి లెక్క వెయ్యి. శ్రీకాకుళం నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకు నూరు కిలోమీటర్ల పైనే. హైవే బాగానే ఉన్నా ఊళ్ళోకి వచ్చాక మద్దిలపాలెం, ఎన్‌ఏడీ కూడళ్ళ దగ్గర ఎంతసేపు ఆగుతావో చెప్పలేం. రెండున్నర గంటలు వేసుకో. చెకిన్ కౌంటర్లు గంట ముందే మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందే అక్కడుండాలి. విమానం ఒక గంట. గన్నవరంలో దిగాక విజయవాడ ఇంకో 20 కిలోమీటర్లు, బయటికొచ్చి ఊళ్ళోకి చేరేసరికి గంట పైనే వేసుకో. అంతా కలిపితే ఏడు గంటలకు దగ్గర. అంటే తెల్లవారుజామున నాలుగింటికి ముందే ఇల్లు వదలాలి, పైగా ఆ వేళకి సరిపోయే విమానం ఉండాలి. అది గంట ఆలస్యమైతే నీ పని చెడుతుంది. నేరుగా వెళ్ళేది దొరక్కపోతే హైదరాబాద్ మీదుగా చూపిస్తారు. అప్పుడు 290 కాస్తా 775 కిలోమీటర్ల దాకా అవుతుంది, మధ్యలో పడిగాపులు వేరే.

పైగా ఇది తుపాన్ల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ ఎయిర్‌పోర్టు దెబ్బతిని కొన్ని రోజులు విమానాలే లేవు.

మన పక్కనే ఆమదాలవలస స్టేషన్లో ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్ లాంటి రైళ్ళు ఆగుతాయి. ఎనిమిది గంటలు అటూ ఇటూగా విజయవాడలో దింపుతాయి. ఊరి మధ్యలో దిగుతావు, స్నానం చేసి టిఫిన్ తిని టెన్షన్ లేకుండా వెళ్ళొచ్చు.

హైదరాబాద్ అయితే నేనే విమానం ఎక్కమనేవాణ్ణి. ఆకాశంలో 510 కిలోమీటర్లు, గంటా పావు. విశాఖ నుంచి వందేభారత్ కాకుండా మామూలు ఎక్స్‌ప్రెస్ రైలైతే పన్నెండు గంటల దాకా కూర్చోవాలి. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు తిరిగితే మనకి రోడ్డు దూరం దాదాపు సగం తగ్గుతుంది, అప్పుడు విజయవాడ లెక్క కూడా మళ్ళీ వేసుకుందాం.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పెద్ద బ్యాగులో పెట్టకు, భుజానికున్న సంచిలోనే ఉంచుకో.

తిరిగి వచ్చేటప్పుడు విమానం ఎక్కాలని సరదా ఉంటే ఎక్కు, టికెట్ నేను కొంటాను. కుడివైపు కిటికీ సీటు తీసుకో, సముద్రం ఆ పక్కనే ఉంటుంది. విశాఖలో దిగేటప్పుడు మాత్రం ఫోన్ తీసి ఫొటోలు తీయకు. అది నేవీ వాళ్ళ వైమానిక స్థావరం, ఐఎన్ఎస్ డేగా.

మీ పెదనాన్న,
శ్రీకాకుళం