‘నకిలీ’ అనే మాట కొట్టెయ్, తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పద్దెనిమిదో శతాబ్దపు పారిస్‌లో మార్టిన్ అన్నదమ్ములు చేసిన వార్నిష్ గురించి తెలుగులో రాయాలనిపించింది చూడు, అదే నాకు చాలా సంతోషం. కానీ మొదటి పేరాలోనే ‘చైనా లక్క పనికి ఫ్రెంచి నకిలీ’ అనేశావు. ఆ వాక్యం కొట్టెయ్.

లక్క అంటే మనకి ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి. అది పురుగు నుంచి వచ్చేది. చైనా, జపాన్‌లలో వాడేది చెట్టు పాలు, బెరడుకి గాటు పెట్టి తీస్తారు, గాలిలో తేమ ఉంటేనే గట్టిపడుతుంది. ఆ పనిని ఇంగ్లీషులో లాకర్ (lacquer) అంటారు, ఆ మాట మన లక్క నుంచే వెళ్లింది కాబట్టి ఈ గందరగోళం, ఆ సంగతి కూడా రాయి.

ఆ చెట్టు పాలు పారిస్ పనివాళ్లకి దొరకలేదు. అందుకే అక్కడి వర్తకులు జపాన్ పెట్టెల్ని కోయించి, ఆ పలకల్ని పల్చగా చెక్కించి, తమ సామాను వంపులకి అతికించేవారు. మార్టిన్‌లు మాత్రం కోపల్ అనే చెట్టు జిగురుతో వార్నిష్ కాచి, రంగు వేసిన చెక్క మీద పొర మీద పొర పూసి, ఆరాక అద్దంలా రుద్దారు. 1730లో దానికి ప్రత్యేక హక్కు కూడా సంపాదించారు. ఇదంతా నువ్వూ రాశావు, కానీ అసలు కథ మొదలయ్యే చోట ఆగిపోయావు.

1742లో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ ప్రియురాలు మేడమ్ ద మాయీ కోసం, ష్వాజీ కోటలో ఆమె గదికి ఒక సొరుగుల బల్ల చేశారు. మత్యూ క్రియార్ అనే వడ్రంగి పని అది, పైన పూసింది ఈ తరహా వార్నిషే. తెల్లటి పూత మీద నీలం బొమ్మలు, అంచులకి వెండి పూత వేసిన కంచు. ఇప్పుడు ఆలోచించు, ఆ చెట్టు పాలు ఆరితే గోధుమ రంగుకి తిరుగుతాయి, అందులో ఎంత తెలుపు కలిపినా మల్లెపూవు తెలుపు రాదు. అంటే ఆసియా పనిని అందుకోవాలని బయల్దేరినవాళ్లు, ఆ పదార్థం దొరక్కపోవడం వల్లే, అక్కడ ఎవరూ చేయలేని రంగులకి చేరుకున్నారు! దీన్ని నకిలీ అని ఎలా అంటాం?

నువ్వు ఆ బల్లతోనే మొదలుపెట్టు. లూవ్ర్ మ్యూజియంలో ఉంది, ఫోటోలు దొరుకుతాయి, జూమ్ చేసి తీరిగ్గా చూడు. ఇలాంటి వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, కింద ఉన్న నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది, అందుకని రంగు పేరు రాసే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకో. మళ్లీ రాశాక పంపు, వెంటనే చదువుతాను.