ఆ సార్జెంట్‌ను కొట్టెయ్

బ్రాడీపేట, గుంటూరు

తమ్ముడూ,

మొన్న విజయవాడ లెనిన్ సెంటర్‌లో నా చేతిలో పెట్టిన నీ నవల సగం బస్సులో, మిగతాది రాత్రి చదివేశాను. కుర్రాడు తల్లికి ఫోన్ చేసే సీన్ బాగుంది, దాన్ని కదపకు. కానీ లద్దాఖ్‌లో సార్జెంట్ ఏం చేస్తున్నాడయ్యా? మన సైన్యంలో ఆ చోట ఉండేది హవల్దార్. సార్జెంట్ మనకు వైమానిక దళంలో ఉంటాడు. నీవాడు ఇంగ్లీషు సినిమాలోంచి తిన్నగా మంచులోకి దిగాడు.

ఎగతాళి కాదు. నేనూ ఒక తొలి కథలో కుర్ర లెఫ్టినెంట్ చేత సుబేదార్‌ని "ఏరా" అనిపించాను. అచ్చయిన వారానికి మా వీధిలోని రిటైర్డ్ సుబేదార్ గారు పత్రిక పట్టుకుని వచ్చారు. తిట్టలేదు. కాఫీ తాగి, జేబులోంచి పాత భుజం పట్టీ తీసి బల్ల మీద పెట్టారు. రెండు నక్షత్రాలు. "లెఫ్టినెంట్‌కీ రెండే కదండీ" అన్నాను. అడ్డంగా ఉన్న ఎర్ర, పసుపు రిబ్బన్ మీద వేలు పెట్టి, "ఇది చూసే ఆ కుర్రాడు నన్ను సాబ్ అంటాడు. సెల్యూట్ నేనే కొట్టాలి, ఆర్డర్ ఆయనదే. కానీ ఏ జవానుకి ఇంటి దగ్గర్నుంచి ఉత్తరం రాలేదో నాకే తెలుసు" అన్నారు. తెల్ల ఆఫీసర్లకూ మన సిపాయిలకూ మధ్య బ్రిటిష్‌వాళ్లు వేసిన మెట్టు ఈ సుబేదార్ల స్థాయి. మనకూ పాకిస్తాన్‌కూ మిగిలింది. అమెరికా సైన్యంలో అలాంటిది లేదు.

ఇక పైమెట్లు. నీ ఆఖరి అధ్యాయంలో సీడీఎస్, అంటే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, ఫోన్ ఎత్తి వేల మంది సైనికులున్న బ్రిగేడ్‌ని దాడి చెయ్యమంటాడు. కుదరదు. 2020 జనవరి 1న బిపిన్ రావత్‌తో మొదలైన ఆ పదవికి త్రివిధ దళాధిపతుల మీదే కమాండ్ ఇవ్వలేదు, బ్రిగేడ్ దాకా ఎందుకు? అమెరికాలోనూ అంతే. 1986 చట్టం ప్రకారం ఆర్డర్ అధ్యక్షుడి నుంచి రక్షణ మంత్రికి, అక్కణ్నుంచి ఆయా ప్రాంతాల కమాండర్‌కి వెళ్తుంది. అక్కడి దళాధిపతుల మండలికి పెద్ద, జాయింట్ చీఫ్స్ ఛైర్మన్, సలహా చెప్తాడు, అంతే.

నాకు అసలు బాధ కలిగించింది మాత్రం నీ చైనా బ్రిగేడ్ కమాండర్. రాత్రంతా డేరాలో ఒంటరిగా కూర్చుని నిర్ణయం తీసుకుంటాడు. ఆ సైన్యం ప్రభుత్వానిది కాదు, కమ్యూనిస్టు పార్టీది. కమాండర్ పక్కనే సమాన హోదాలో పార్టీ తరఫు అధికారి, పొలిటికల్ కమిసార్, ఉంటాడు. ఇద్దరి మధ్య ఎంత టెన్షన్ ఉండొచ్చో చూడు! కమాండర్ మ్యాప్ చూస్తుంటే రెండోవాడు అతని మొహం చూస్తుంటాడు. అంత మంచి సీన్‌ని స్వగతం రాసి చేజార్చుకున్నావు.

బెజవాడలో ఏ బ్యాంకు గేటు దగ్గరైనా తుపాకీతో కూర్చున్న గార్డుని పలకరించు, మాజీ ఫౌజీ కావచ్చు. ర్యాంకుల గురించి అడక్కు, ఎవరిని ఏమని పిలిచేవాడో అడుగు. తర్వాత ఆ డేరాలో ఇంకో కుర్చీ వేసి, సీన్ మళ్లీ రాసి పంపు. పండగ లోపు చదువుతాను.

మీ అన్నయ్య