తోట ప్రశ్నలు: మంచు కింద నిద్రించే విత్తనం

ప్రశ్న: మేము షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాము. మా పొరుగావిడ ఇచ్చిన పర్పుల్ కోన్‌ఫ్లవర్ ఎండుపూలను దులిపి, పోయిన ఏప్రిల్‌లో కుండీల్లో చల్లితే ఏడే మొలిచాయి. అవి కూడా వేసవి పొడుగునా ఆకులు వేశాయే తప్ప ఒక్క పువ్వూ పూయలేదు. ఈసారి మళ్లీ ఎండుపూలు కోసి ఉంచాను. ఎలా విత్తుకోవాలి? విజయవాడలోని మా అమ్మగారికి కొన్ని గింజలు పంపవచ్చా?

జవాబు: ముందుగా ఆ ఏడు మొక్కల మాట. వాటికి ఏ లోపమూ లేదు, దయచేసి పీకివేయకండి. పర్పుల్ కోన్‌ఫ్లవర్ (శాస్త్రీయ నామం ఎకినేసియా పర్‌ప్యూరియా) విత్తనం నుంచి పెరిగినప్పుడు సాధారణంగా మొదటి ఏడాది బలమంతా వేరుకే పెట్టుకుంటుంది. శీతకాలంలో నేల మీది భాగం ఎండిపోయినా, వసంతంలో అదే మొదలు నుంచి కొత్త ఆకులు లేచి, రెండో వేసవిలో పూస్తుంది. 'ఛెయెన్ స్పిరిట్' వంటి కొన్ని రకాలను త్వరగా విత్తితే మొదటి ఏడాదే పూలు చూడవచ్చు.

మొలక తగ్గడానికి రెండు కారణాలు ఉండవచ్చు. మీరు చల్లినవన్నీ గింజలు కాకపోవచ్చు. ఎండుపువ్వును దులిపితే రాలేవాటిలో ముళ్లలాంటి పొట్టే ఎక్కువ. గ్రీకులో ముళ్లపందిని సూచించే 'ఎకినోస్' మాట నుంచి ఈ మొక్కకు పేరు వచ్చింది కూడా ఆ ముళ్ల వల్లనే. అసలు గింజ సుమారు 4 మిల్లీమీటర్ల పొడవుతో, లేత గోధుమ వన్నెలో, నాలుగు పలకలుగా, ఒక కొస సన్నబడి ఉంటుంది. గోటితో నొక్కి చూడండి: గట్టిగా నిలిచినది గింజ, అణిగిపోయినది తాలు.

రెండో కారణం చలి. ఇది మీ ఇల్లినాయ్‌లో సహజంగా పెరిగే మొక్క. రాలిన గింజ మంచు కింద తడిమట్టిలో శీతకాలం గడిపి, నేల వెచ్చబడ్డాక మొలకెత్తడం దాని అలవాటు. చలి తగలకపోయినా ఈ జాతిలో కొన్ని గింజలు మొలుస్తాయి గాని, తగిలితే ఎక్కువ గింజలు, ఇంచుమించు ఒకేసారి మొలుస్తాయి. తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచినా సరిపోతుంది, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

నాకు ఇంతకంటే పాలడబ్బా పద్ధతి మీదే గురి. గ్యాలన్ ప్లాస్టిక్ డబ్బాను నడుమ చుట్టూ కోసి, పిడి వైపు కొంచెం అతుకు వదిలి, అడుగున చిల్లులు పెట్టి, నాలుగంగుళాల మేర కుండీ మట్టి నింపండి. డిసెంబరులో గింజలు చల్లి, పైన పావు అంగుళానికి మించకుండా మట్టి కప్పి, తడిపి, మూత తీసేసి, కోసిన చోట టేపు వేసి పెరట్లో వదిలేయండి. మంచు కురిసినా కదిలించవద్దు. వసంతంలో మొలకలు కనిపించాక, ఎండ పొద్దుల్లో డబ్బా తెరిచి ఉంచాలి.

మొదట వచ్చే రెండాకులు నునుపుగా ఉంటాయి. తరువాతివి నూగుతో గరుకుగా తగులుతాయి. అలాంటివి రెండు జతలు వచ్చాక, కనీసం ఆరు గంటల ఎండ పడే చోట మూరెడు దూరంలో నాటండి. మీ వైపు బంకమట్టి నేలలు ఎక్కువ. నీరు నిలిస్తే శీతకాలంలో మొదలు కుళ్లిపోతుంది కనుక కొంచెం ఎత్తు మడి చేయడం మేలు. నత్రజని ఎరువు వేయవద్దు, కాడలు సాగి వాలిపోతాయి. లేత మొక్కలను కుందేళ్లు కొరికేస్తాయి కాబట్టి మొదటి ఏడాది తీగవల చుట్టండి. పొరుగావిడ మొక్క సంకర రకమైతే పూలు తల్లిని పోలకపోవచ్చు.

విజయవాడకు పంపవద్దని నా సలహా. విత్తనాలు దేశం దాటాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పైగా ఏటా చలినిద్ర కోరే మొక్కకు ఆ ఊరి వాతావరణం నప్పదు. అమ్మగారిని గైలార్డియా వేసుకోమనండి. అదీ అమెరికా ఖండం నుంచి వచ్చినదే, ఇదే కుటుంబానికి చెందినదే. మన ఎండలకు బాగా తట్టుకుంటుంది, దాని గింజకు చలి చూపించవలసిన పనీ లేదు.